అబ్బా కాల్చిన రేడియో

మా అబ్బా పేరు కరీం. కోరుట్లలో పగిలిన ప్లాస్టిక్ అతకడం ఆయన పని. ఇనుప కడ్డీ కాల్చి, విరిగిన బకెట్ అంచులు కరిగించి, అదే రంగు ముక్క వేసి అదిమితే చాలు, చుక్క నీరు కారదు. ఇరవై రెండేళ్లలో ఒక్క వస్తువునూ చేత కాదని వాపస్ ఇవ్వలేదట. ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

మొన్న ఆదివారం సారంగాపూర్ నుంచి మనోరమమ్మ ఫోన్ చేసింది. నర్సింగ్ రావు సారు భార్య. దుమ్ము దులుపుతుంటే చేయి తగిలి, వాళ్ల మామగారి కాలపు రేడియో గోడకు కొట్టుకుందట. తిప్పి చూస్తే వెనక జానెడు పగులు. సారుకు ఆ రేడియో అంటే ప్రాణం. సాయంత్రం హైదరాబాద్ నుంచి వస్తున్నాడు.

"ఆయన వచ్చేలోపల అతుకుతవా కరీం?"

"అతికినట్టే అనుకోండమ్మా," అన్నాడు అబ్బా, వస్తువు చూడకుండానే. ఆయన నోరు అట్లాంటిది.

అబ్బాకు మోకాళ్ల నొప్పి కాబట్టి స్కూటీ నేనే నడిపాను. నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను, కెమిస్ట్రీ. ఆ రేడియోను చేతిలోకి తీసుకుని చూశాను. ముదురు గోధుమ రంగు, గోటితో కొడితే రాయిలా టకటక. బేకలైట్.

"అబ్బా, గిది కరగది. కడ్డీ పెట్టకు."

"ప్లాస్టికేనా కాదా?"

"ప్లాస్టికే, కని..."

"ప్లాస్టికైతే కరుగుతది. నాకు ప్లాస్టిక్ నేర్పుతవా సాదియా?"

పెట్టాడు. కరగలేదు. సుయ్యిమని పొగ లేచి, కుళ్లిన చేపల కంపు ఇల్లంతా కమ్మింది. కడ్డీ తీస్తే రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. మనోరమమ్మ కొంగుతో రుద్దినా అది పోలేదు.

"బకెట్ కరుగుతది, గిదెందుకు కరగది?" అంది ఏడుపు గొంతుతో.

"బకెట్‌ల అణువులు పొడుగు దారాలమ్మా. పక్కపక్కన పడుంటయ్ గని ఒకదానికొకటి గట్టి ముడి ఉండది. వేడి తగిలితే జారుతయ్, సల్లారితే మల్ల అతుక్కుంటయ్. గిండ్ల ప్రతి దారానికి పక్క దారంతోని ముడే. గీ డబ్బా మొత్తం ఒక్కటే అణువు అనుకో. జారనీకి సందు లేదు. బాగ కాలిస్తే ముడులు తెగి మాడిపోతది," అన్నాను.

ఆమె నల్ల మచ్చ మీద వేలు పెట్టింది. "అంటే ఉన్న ఒక్క అణువును మీ నాయిన కాలబెట్టిండు," అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా లాభం లేకపోయింది, ఇద్దరికీ ఎక్కిళ్లు వచ్చాయి. అబ్బా ఒక్కడే చల్లారిన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేనెన్నడూ చూడలేదు.

అంతలో కారు వచ్చి ఆగింది. సారు లోపలికొస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏంది గీ వాసన?"

నవ్వు ఎటు పోయిందో పోయింది. అబ్బా ముందుకొచ్చాడు.

"రేడియో నేనే కాలబెట్టిన సార్. పగులు గూడ నాదే. చెయ్యి జారింది."

నాకు ఒళ్లు మండింది. రోజుకు నాలుగుసార్లు చెప్పుకునే పేరును ఎవరి పగులు కోసమో పారేసుకుంటున్నాడు. కోపంతో పాటు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

సారు రేడియో తిప్పి చూశాడు. ఎందుకో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పగులు నీదెట్లయితది కరీం? పోయిన నెల నేనే కింద పడేసిన. మనోరమ సూడకుంట పగులు గోడ దిక్కు పెట్టిన."

మనోరమమ్మ మొగుణ్ణి చూసిన చూపుకు బేకలైట్ కూడా కరిగేదే. "పొద్దుగాల్నుంచి ముద్ద దిగలె నాకు," అని లంకించుకుంది. సారు నవ్వాడు, ఆమె తిడుతూనే నవ్వింది, చాయ్ వచ్చింది. అబ్బా మాత్రం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

తిరుగుదారిలో దేవయ్య హోటల్ ముందు ఆగాం. బెంచీ నిండా జనం.

"ఏం అతికొస్తున్నవ్ కరీం భాయ్?" అని అడిగాడు దేవయ్య.

పోదాం పద అన్నట్టు నేను అబ్బా చొక్కా గుంజాను. ఆయన కదల్లేదు.

"అతకలె దేవయ్యా. కాలబెట్టిన. నాకు తెల్వని ప్లాస్టిక్ గూడ ఉన్నదట," అన్నాడు. తర్వాత బెంచీ మీద వాళ్లను జరగమని నాకు చోటు చేశాడు. "గదెందుకు కరగదో నా బిడ్డ చెప్తది, ఇనుండ్రి."