గోరువెచ్చని నీళ్లు

కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దుర్యోధన వెన్నుకి ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చాలన్నారు డాక్టర్లు. దేవుడి దయన్నారు చుట్టాలు. నెలలు గడిచినా ఎడమ పాదానికి మాత్రం స్పర్శ రాలేదు. ఒకరోజు ఆ ఒక్క పాదాన్నీ వేడినీళ్ల బకెట్లో పెట్టి కడిగాక అది పొక్కింది. అతనికి తెలియనే లేదు.

"నీళ్లు సూసుకోలేదా వదినా?" అని వ్యాయామం చేయించే భవాని అతని భార్య ఊర్మిళని నిలదీసింది.

"సెయ్యెట్టి సూసేనమ్మా. గోరెచ్చగానే ఉన్నాయి."

పలాసలో జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, జీడిసొనకి కాలిన ఆమె వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయి.

"బాగుంది జోడీ! ఆయనకి కాలు తెలీదు, నీకు సెయ్యి తెలీదు. రేపట్నించి మోసెయ్యెట్టి సూడు."

మర్నాడు బకెట్లో మోచెయ్యి పెట్టిన ఊర్మిళ, "అమ్మో, సుర్రుమంది!" అంటూ లాగేసుకుంది. దుర్యోధన తన పాదం వంక చూసుకున్నాడు. పెళ్లాన్ని చూసి అతను కుళ్లుకోవడం అదే మొదటిసారి.