రెండోసారి అక్క

ఆమె పేపరు విలేకరి. ఆఫీసులో అందరూ ఆమెను రెండోసారి అక్క అంటారు. గొడవ జరిగిన చోటికి మిగతావాళ్లు ఒకసారి వెళ్తే, ఆమె అది సద్దుమణిగాక మళ్లీ వెళ్తుంది.

వంతెనకు ఇటు వీధివాళ్లూ అటు వీధివాళ్లూ కుళాయి దగ్గర కొట్టుకున్నారు. ఆ వార్త మొదటి పేజీలో వచ్చింది. అది చదివి ఇటు వీధి తల్లులు వంతెన అవతలి బడికి పిల్లలను పంపడం మానేశారు.

కొన్నాళ్లకు అక్క వెళ్లేసరికి, తలకు కట్టుతో ఉన్న ఇటు వీధి మేస్త్రీ, తనను కొట్టిన అటు వీధి మనిషి టీకొట్టులోనే కూర్చుని టీ తాగుతున్నాడు. కుళాయికి వంతులు కూడా వేసుకున్నారట. పిల్లలు మాత్రం ఇంకా ఇళ్లలోనే ఉన్నారు.

"గొడవ ఆగిందనేది కూడా వార్తేనా తల్లీ? లోపలి పేజీలో ఓ మూల పడేద్దాంలే," అన్నాడు ఎడిటరు.

"నిప్పు రాజుకున్నప్పుడు మొదటి పేజీ, ఆరినప్పుడు మూలా? ఇదేం న్యాయం బాబాయ్?"

ఆయన నవ్వేసి, గొడవ వార్త వేసిన చోటే రాజీ వార్తనూ వేశాడు, టీకొట్టులో ఆ ఇద్దరూ కలిసున్న ఫొటోతో సహా.

మర్నాడు వంతెన మీద పిల్లలను బడికి తీసుకెళ్తూ మేస్త్రీ ఎదురయ్యాడు.

"రాజీ పడ్డామని నెత్తీ నోరూ బాదుకున్నా మా ఆవిడ నమ్మలేదమ్మా. నీ పేపరు చూశాకే పిల్లల సంచులు సర్దింది," అన్నాడు.