బానెట్ మీద చప్పుడు

దెయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. పెరటి గదిలో ఏదో తిరుగుతోందని మా వంటమనిషి వణికిపోతే, తిరిగేదేదో కాస్త అంట్లు తోమిపెట్టమను అన్న మనిషిని. అందుకే ఇది ఎవరికైనా చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

తొంభైల చివరి మాట. భీమవరం దగ్గర మా అత్తవారి ఊళ్లో మా మావగారికి పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉండేది. దానికి ఇంజనులోకి పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బొరేటర్లు రెండు. రెండూ ఒక్కలా గాలి పీల్చకపోతే ఇంజను దగ్గుతుంది. ఆయనే వాటిని పెట్రోలుతో కడిగి, స్క్రూలు తిప్పి సరిచేసుకునేవారు. మెకానిక్కును చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. మావారు ఎప్పుడూ చేపల చెరువుల మీదే. దాంతో సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ తొక్కే పని నా నెత్తిన పడింది.

చిక్కేమిటంటే, ఆ ఇంట్లో కోడళ్లు మావగారి ఎదుటపడి మాట్లాడరు. పైకెత్తిన బానెట్టే మాకు పరదా. దాని మీద ఆయన ఒకసారి తడితే తొక్కాలి, రెండుసార్లు తడితే వదలాలి, అరచేత్తో చరిస్తే ఇంజను ఆపాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే.

ఆ ఉదయం కారు షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. స్టార్ట్ చేయగానే ఇంజను ఎగశ్వాస పెట్టినట్టు కొట్టుకుంది. బానెట్ మీద ఒక చప్పుడు. తొక్కాను. రెండు చప్పుళ్లు. వదిలాను. అలా కాసేపు జరిగేసరికి ఇంజను ఎంత హాయిగా తిరిగిందంటే, ఈసారి మావగారికి చెయ్యి భలే కుదిరిందనుకున్నాను. అంతలో రేకు అదిరేలా ఒక్క చరుపు. పూటంతా పట్టే పని అప్పుడే అయిపోయిందా అనుకుంటూ ఆపేశాను.

బానెట్ దిగలేదు. పిలుద్దామంటే నోరు రాదు. చివరికి దిగి వెళ్లి చూశాను. ఆయన ముందు చక్రం పక్కన బోర్లా పడి ఉన్నారు. కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయి ఉంది. పరదా లేదు, మర్యాదా లేదు, వీధి వీధంతా పరిగెత్తుకొచ్చేలా అరిచాను.

గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవారు కాదండీ అన్నారు డాక్టరుగారు.

ఇంటికి వచ్చిన మర్నాడు మావగారు నన్ను గదిలోకి పిలిపించారు. గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాను.

"అమ్మాయీ, నువ్వు స్టార్ట్ చేయగానే నేను పడిపోయాను. స్క్రూ మీద చెయ్యే వెయ్యలేదు. మరి ఇంజను ఆపమని నీకెవరు చెప్పారమ్మా?"

చప్పుళ్ల సంగతి మొదటిసారి నోరు విప్పి ఆయనకు చెప్పాను. ఆ రోజు నుంచీ ఎవరూ అడుగుపెట్టని షెడ్డులోకి మావారు వెళ్లి చూస్తే స్క్రూడ్రైవర్ డబ్బాలోనే ఉంది, డబ్బా మూత వేసే ఉంది.

ఆ కార్బొరేటర్లను తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరమూ రాలేదు. ఇన్నేళ్లుగా ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు. బానెట్‌కి అవతల ఆయన నేల మీద చావుబతుకుల్లో ఉంటే, ఇవతల నేను ఎవరు తడితే తొక్కానో, ఎవరు తడితే వదిలానో నాకు ఇప్పటికీ తెలియదు.