మా వియ్యంకుడూ, ఆయన బిగించిన కారూ

మా కాలనీ సంఘం వాళ్ళు పాత పనివాళ్ళ మీద ఒక పుస్తకం వేస్తున్నారు. కమానుల కొట్టు పెద్దాయన గురించి నన్ను రాయమన్నారు. "మీరు వియ్యంకులు కదా, దగ్గరగా చూసుంటారు" అన్నారు. చూశాను. దగ్గరగా చూడబట్టే ఆయనంటే నాకు పడదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు మోసం ఉండదు.

రాసేవాడెవడో కూడా తెలియాలి. నాది ఊరిబడి చదువు, ఐదో తరగతితో సరి. ఆ చదువుతోనే జీవితమంతా బస్సు నడిపాను. నా బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు. కొండదారిలో బండరాళ్ళు దొర్లి దారి మూసుకుపోతే, నిండు బస్సును మలుపు మలుపునా వెనక్కి నడుపుకుంటూ కిందికి దించాను. దిగిన జనం చప్పట్లు కొట్టారు. బ్రేకులు చచ్చిపోయిన బండిని గేర్లతోనే నిలబెట్టి డిపోకు చేర్చాను. నా దగ్గర స్టీరింగు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు పక్కవాళ్ళకు నేర్పుతున్నారు. డిపో గోడ మీద నా ఫోటో ఉంది. గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పే కాబట్టి చెబుతున్నాను.

ఇక ఆయన సంగతి. లారీల కింద ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్టలుంటాయే, వాటిని కమానులంటారు. వాటిని కాల్చి, సుత్తితో సాగగొట్టి, వంపు తెచ్చి బిగించడం ఆయన పని. ఊహ తెలిసినప్పటి నుంచి కొలిమి దగ్గరే ఉన్నాడు. ఎడమ చెవి సుత్తి మోతకు పోయింది. ఆ చెవిని ఆయన వాడుకున్నంతగా మనం మంచి చెవిని కూడా వాడుకోం. తనకు పనికిరాని మాట ఎవరన్నా అంటే ఠక్కున ఆ చెవి తిప్పుతాడు.

వీధిలో ఆయనకు పెట్టిన పేరు 'బిగింపు'. దేనికైనా ఆయన దగ్గరున్న మందు ఒకటే: "బిగించు, అదే దారికొస్తుంది." కొళాయి కారితే బిగించాడు, విరిగింది. కుర్చీ ఊగితే ఇనప పట్టీ వేసి బిగించాడు, కూర్చున్నవాడి నడుం పట్టేసింది. వీధి తలుపుకు సొంతంగా చేసిన స్ప్రింగు తగిలించాడు. తీసిన తలుపు తనంతట తనే ధడేల్మని మూసుకుంటుంది. ఆ ఇంటికి వెళ్ళి మడమకు దెబ్బ తగలకుండా వచ్చినవాడు లేడు. మా అల్లుడు ఆయన కన్న కొడుకే. బీరువా లాంటి మనిషి, పెట్టిన చోట ఉంటాడు. అంత బిగించి పెంచాక ఇంకేం కదులుతాడు పాపం.

ఆయనకొక చిన్న కారుంది. ఇద్దరెక్కితే సంసారం, నలుగురెక్కితే సంత. పెద్ద కార్లు కొనలేనివాళ్ళ కోసం ఒకప్పుడు చేసిన బండి. ఇంజను వెనక ఉంటుంది, సామాను పెట్టే డిక్కీ ముందు. అందరూ తుక్కుకు పంపేసిన రోజుల్లో ఆయన తెచ్చి నిలబెట్టాడు. దాన్ని మెచ్చుకోవాలి, మెచ్చుకున్నాను. ఆ తర్వాత దాన్ని ఏం చేశాడో వినండి.

లారీలవాళ్ళ లెక్క ఒకటుంది. బరువెక్కడుంటే అక్కడ గట్టి కమాను వెయ్యాలి. ఈయన ఆ లెక్కే కారుకూ వేశాడు. ఇంజను వెనకుంది కాబట్టి వెనక ఉన్న మెత్తటి స్ప్రింగు చుట్టలు పీకేసి, పొడుగాటివీ గట్టివీ చేసి బిగించాడు. బండి తోక పైకి లేచింది. వీధంతా చూసి "అబ్బ, కుర్ర బండిలా ఉంది" అన్నారు. ఈయన మీసం కూడా తోకతో పాటే లేచింది.

ఆ కారులో వెనక చక్రాలు రెండూ రెక్కల్లాంటివి. మధ్యలో కీలు దగ్గర ఆడతాయి. తోక లేస్తే రెక్కలు వాలతాయి. అప్పుడు వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ పైన దూరంగా, కింద దగ్గరగా, చన్నీళ్ళలో దిగినవాడి మోకాళ్ళలా ముడుచుకుని ఉంటాయి. టైరు నేల మీద పూర్తిగా కూర్చోదు, బయటి అంచు మీద నిలబడుతుంది. ఊళ్ళో కూరగాయలకు వెళ్ళొచ్చినంత కాలం ఏమీ తెలియదు. హైవే మీద తెలుస్తుంది.

హైవే మీదికి వెళ్ళింది మా అమ్మాయి.

దానికి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. నెత్తురు పరీక్షలు చేసే పని. ఆస్పత్రి హైవేకి ఆ చివర ఉంది, తొలి షిఫ్టు వేళకు బస్సు లేదు. బస్సు లేదన్న మాట నా నోటితో చెప్పుకోవలసి రావడం నాకెంత నామోషీయో! మామగారి కారే దిక్కయింది. వారం తిరగకముందే అమ్మాయి ముఖం మారిపోయింది. "నాన్నా, గాలి కొడితే బండి పక్క లైనులోకి నడుస్తోంది. లారీ దాటితే తోక ఊగుతోంది. చేతులు నొప్పెడుతున్నాయి" అంది. నేనొక మాట అందామని వెళితే ఆయన ఎడమ చెవి తిప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుంటే, పెట్రోలు బంకు దగ్గరి మలుపులో, పక్కన లారీ దూసుకుపోతుంటే అమ్మాయి భయపడి యాక్సిలరేటరు మీది కాలు తీసింది. బండి తోక ముందుకొచ్చేసింది. గిర్రున తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి, రోడ్డు పక్క గడ్డిలో ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు. వెనకే ఇంకో లారీ వచ్చి ఉంటే ఈ పుస్తకానికి నేను వేరే వ్యాసం రాసేవాణ్ణి.

సాయంత్రం ఆ ఇంట్లో కూర్చున్నాం. తలుపు మామూలుగానే నా మడమ మీద ఒకటిచ్చింది.

"బండికేం రోగం లేదు బావగారూ," అన్నాడాయన. "స్టీరింగు గట్టిగా పట్టుకోవడం రాక. రేపటి నుంచి ఉద్యోగం మానేస్తుంది. ఇంటిపట్టున ఉంటుంది."

"బండి గిర్రున తిరిగితే డ్రైవరుది తప్పా? కమాను విరిగితే తప్పు కట్టినవాడిదా, లారీవాడిదా?"

"నేను కట్టిన కమాను ఇంతవరకు విరగలేదు."

"అవును. మీరు కట్టినవేవీ విరగవు, పక్కవాళ్ళ నడుములు విరుగుతాయి."

అమ్మాయి గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, మోదింది. "మామయ్యా, నేను ఉద్యోగం మానను. బండి బాగయితే బండిలో వెళతాను. బాగవకపోతే ఆ ఆస్పత్రి పక్కనే గది తీసుకుంటాం, మేమిద్దరం."

మా అల్లుడు బీరువా తలుపు తెరుచుకున్నట్టు నోరు తెరిచి, "అవును నాన్నా" అన్నాడు. కొడుకు ఇల్లు దాటి పోతాడన్న ఆలోచన ఆయన సుత్తికి అందనిది.

అయినా తగ్గాడా? నా వైపు తిరిగి, "అంత పెద్ద డ్రైవరు కదా, మీరు నడిపి చూపించండి నా బండిలో లోపం" అన్నాడు. సవాలు చేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలన్నాను. మర్నాడు పొద్దున కూర్చున్నాడు.

ఊళ్ళో ఉన్నంతసేపూ ఆయన పాడుతూనే ఉన్నాడు, ఏ స్ప్రింగు ఎంత ఎర్రగా కాల్చాడో, ఏ నూనెలో ముంచాడో. హైవే ఎక్కి వేగం పెంచాక పాట ఆగింది. పక్కగాలికి బండి నడుస్తున్న దారి మానేసి ఇంకో దారి వెతుక్కుంటోంది. నేను సరిచేస్తుంటే అటు పోతోంది, వదిలితే ఇటు పోతోంది.

"చేతులెక్కడ పెట్టారు బావగారూ?"

"ఎక్కడా పెట్టలేదు," అన్నాడు. ఒక చెయ్యి తలుపు పిడి మీద, రెండోది నా చొక్కా మీద ఉన్నాయి.

బంకు దగ్గరికొచ్చాం. ముందూ వెనకా ఎవరూ లేరని రెండుసార్లు చూసుకున్నాను. మలుపులోకి దిగి, కాలు తీశాను. అంతే. తోక లేచి బయటికి తన్నింది. నా చేతుల్లో ఉంది కాబట్టి ఎదురు తిప్పి, మళ్ళీ కాలు నొక్కి, బండిని దారిలో పెట్టాను. కొండ మీద బస్సు దించిన చేతులవి. పక్కన ఆయన కుడికాలు, అక్కడ లేని బ్రేకును తొక్కీ తొక్కీ నేలలోకి దిగిపోయేట్టుంది.

"మీరు కావాలని తిప్పారు," అన్నాడు చివరికి.

"తిప్పలేదు. కాలు తీశాను. మా అమ్మాయి చేసిందీ అదే. లారీని చూసి ఎవరైనా చేసేది అదే."

బండి పక్కన ఆపి వెనక టైర్లు చూపించాను. బయటి అంచులు నున్నగా అరిగిపోయాయి, లోపలి అంచులు కొత్తవిలా ఉన్నాయి. ఆయన వంగి, వేలితో రాసి చూశాడు. ఇనుము అబద్ధం చెప్పదని ఆయనే అందరికీ చెబుతుంటాడు. రబ్బరు కూడా చెప్పదు. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. నా జీవితంలో అంత సుఖమైన ప్రయాణం లేదు.

"పాత స్ప్రింగులు మళ్ళీ వెయ్యాలి," అన్నాను గుమ్మంలో.

"పాతవి లేవు. ఉన్నా వెయ్యను. మెత్తవి. మెత్తటిదేదీ బరువు మొయ్యదు."

అప్పుడు మా వియ్యపురాలు పెరట్లోకి వెళ్ళింది. ఆవిడ పూలకుండీలు రెండు ఎత్తుగా, అందంగా నిలబడి ఉంటాయి. వాటి కిందున్న పీటలు ఆ కారు పాత స్ప్రింగు చుట్టలే. మొగుడు పీకి పారేసిన రోజునే ఆవిడ తీసి పెట్టుకుంది. కుండీలు దించి, తుప్పు పట్టిన ఆ చుట్టలు రెండూ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడేసింది.

"ఏమండీ, పెళ్ళయినప్పటి నుంచి నన్నూ బిగిస్తూనే ఉన్నారు. నేను దారికొచ్చానా? మెత్తవే వెయ్యండి. పిల్లలు ఇంట్లో ఉంటారు."

ఆయన ఎడమ చెవి తిప్పబోయాడు. ఆవిడ తిరిగొచ్చి కుడి చెవి వైపు నిలబడింది.

తర్వాతి పని నా కళ్ళతో చూశాను. చూడటానికే వెళ్ళాను, తప్పు పడతానని ఆయనకూ తెలుసు. తాను చేసిన గట్టి చుట్టలు తానే ఊడదీశాడు. పాతవాటి తుప్పు గీకి వేశాడు. తోక దిగింది, చక్రాల మోకాళ్ళు విడివడ్డాయి. వెనక సీటు వెనకాల గోతంలో సుత్తులు, ఇనుము పెట్టి కొట్టే దాగలి, ఇనప దిమ్మలు ఉండేవి. పని మానేసినా వాటిని మానలేక ఊరంతా తిప్పేవాడు. వాటిని ముందు డిక్కీలోకి మార్చమన్నాను. "బరువు ముందుంటే ముక్కు నేలను పట్టుకుంటుంది" అంటే, "నా సామాను మీకు బరువుగానే కనిపిస్తుంది" అని గొణిగి, మోశాడు.

ముందు చక్రాల కింద అడ్డంగా చిన్న కమాను ఉంటుంది ఆ కారుకు. దానికి ఇంకో పట్టీ కావాలని ఎవరన్నారో, నేననే నా నమ్మకం, తనేనని ఆయన వాదన. పాత కొట్టుకు వెళ్ళి కొలిమి వెలిగించుకుని, ఆ పట్టీ తనే సాగగొట్టాడు. దెబ్బ పడ్డ చోట మళ్ళీ దెబ్బ పడలేదు. వంపు చూస్తే గీసినట్టుంది. పనివాడే, కాదనను. గట్టిదనం పెట్టవలసిన చోటు తెలియడానికి ఆయనకు ముసలితనం దాకా పట్టింది, అంతే.

గాలి దగ్గర మళ్ళీ పోట్లాట. నాలుగు టైర్లలోనూ రాయిలా గాలి కొట్టడం ఆయన మతం. ముందు మెత్తగా, వెనక గట్టిగా ఉండాలని నేను. పొద్దున్నే ఆయన వచ్చి ముందు టైర్లలో గాలి కొట్టేవాడు. ఆయన లోపలికెళ్ళాక నేను వచ్చి తీసేసేవాణ్ణి. ఒక పొద్దున ఇద్దరం ఒకే చక్రం దగ్గర, చెరో గాలి మీటరుతో వంగి దొరికిపోయాం.

"దొంగతనంగా గాలి తీస్తారా బావగారూ? సిగ్గులేదూ?"

"మీరు దొంగతనంగా కొడుతుంటే నేను దొరలా తీస్తున్నాను."

అమ్మాయి బ్యాగు తగిలించుకుని వచ్చింది. మా ఇద్దరి చేతుల్లోంచి మీటర్లు లాక్కుని, బండి అరలో పెట్టి తాళం వేసింది. "నిన్న వచ్చేటప్పుడు ఆ మలుపులోనే లారీ దాటింది. కాలు తీశాను. బండి కదల్లేదు. ఇక దీన్ని ముట్టుకోకండి. గాలి నేను చూసుకుంటాను. దారికి అడ్డం లేవండి, నాన్నా, మామయ్యా!"

లేచాం. బండి వెళ్ళిపోయింది, వెనకింజను చప్పుడు కాసేపు వీధిలోనే మిగిలింది.

"చూశారా, నా పట్టీ," అన్నాడాయన.

"నా గాలి," అన్నాను.

ఆయన ఎడమ చెవి నా వైపు తిప్పి లోపలికి నడిచాడు. ఇంకో మాట అనడానికి వెనకే వెళ్ళాను. ధడేల్మని తలుపు నా మడమ మీద పడింది. కారులో వదులు చేశాడు గానీ, ఆ తలుపు స్ప్రింగును మాత్రం మర్నాడే ఇంకో చుట్టు బిగించాడు.