గిర్ని ముందరి అద్దం

నా చిన్నప్పుడు చేవెళ్ల దగ్గరి మా ఊరికంతటికీ ఒక్కటే పిండి గిర్ని. ఊరి చివర రోడ్డు పక్కన ఉండేది. అది మా తాతయ్యదే అయినా నడిపేది మా పక్కింటి అక్క. పొలాల నుంచి వచ్చినవాళ్లు పొద్దుగూకే వేళ జొన్నల డబ్బాలు దించి, వంటకు ఆలస్యమవుతుందని ఇళ్లకు పోయేవారు. అందరూ వెళ్లాక అక్క ఒక్కతే వాటిని పిండి పడుతూ ఉండేది.

ఆమెకొక అలవాటు. ఒక డబ్బా అయిపోగానే గిర్ని ఆపి, చెవులు రిక్కించి కాసేపు నిలబడేది. తాతయ్య దాన్ని బద్ధకం అనేవాడు. గిర్ని గోడ వైపు ఉండి పనిలో ఉన్నంతసేపూ తలుపు తన వీపు వెనకే ఉంటుందని, అది కనిపించేలా గిర్నిని పక్కకు జరిపించమని ఆమె ఒకసారి అడిగితే, "ఊరంత మనోళ్లే గద బిడ్డా, నీకేం ఫికర్?" అని నవ్వేశాడు. నేనూ ఆయనతో పాటు నవ్వాను.

ఒక సాయంత్రం ఆమెను జడిపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. గిర్ని నడుస్తుండగా అక్క గింజలు పోసే తొట్టి మీదికి వంగి ఉన్నప్పుడు వెనక నుంచి పోయి రెండు చేతులతో కళ్లు మూశాను. ఒక్క విదిలింపుతో ఇటు తిరిగింది. నోరు తెరిచి అరుస్తోంది, గిర్ని మోతలో ఆ అరుపు పక్కనే ఉన్న నాకే వినపడలేదు. ఆమె చెయ్యి తిరుగుతున్న బెల్టుకు బెత్తెడు దూరంలో ఆగింది.

గిర్ని ఆపింది. కొట్టలేదు, తిట్టలేదు. నా భుజాలు పట్టుకుని తొట్టి ముందు నిలబెట్టింది.

"ఈ డబ్బా నువ్వు చూడు. ఎనకకు మాత్రం తిరగకు," అని గిర్ని మళ్లీ వేసింది.

కళ్లు గింజల మీద ఉన్నా నా ప్రాణమంతా వీపులోనే ఉంది. ఆమె ఉందో పోయిందో, ఇంకెవరైనా వచ్చారో తెలియదు. సగం డబ్బా కాకముందే ఏడ్చేశాను. అక్క నా వెనకే ఉంది. కొంగుతో నా ముఖం తుడిచి, "నాకు రోజు గిట్లనే ఉంటదిరా," అన్నది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

తెల్లవారి తాతయ్య గడ్డం గీసుకునే అద్దం ఎత్తుకుపోయి తొట్టి ముందరి గోడకు తగిలించాను. ఆయన చెంపలకు సబ్బు నురగతోనే వెతుక్కుంటూ వచ్చాడు. అద్దం తీసుకుని పోబోతుంటే, "జరసేపు అక్క లెక్క నిలబడు తాతా," అని బతిమాలాను. అక్క గిర్ని వేసింది. అద్దం చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డ తాతయ్య, ఎవరూ పిలవకుండానే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

గిర్ని ఆగాక, "ఇన్ని దినాలు చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు.

"చెప్పిన గద బాపు," అన్నది అక్క.

తాతయ్య అద్దాన్ని తనే మళ్లీ మేకుకు తగిలించి, నురగ తువ్వాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ నెలలోనే గిర్నిని జరిపించాడు.

ఇప్పుడు మొయినాబాద్‌లో మా ఇంటి దగ్గరి మందుల దుకాణంలో చీకటి పడ్డాక ఒక అమ్మాయి ఒక్కతే ఉంటుంది. గోడ వైపు తిరిగి మందులు సర్దుకుంటూ ఉంటుంది. నేను ముసలివాణ్ని, ఎవరికీ చెడు చేసేవాణ్ని కాను. అది నాకు తెలుసు, ఆమె వీపుకు తెలియదు. అందుకే రోడ్డు మీదే, దీపం వెలుగు నా ముఖం మీద పడేచోట నిలబడి, "మందుల కోసం వచ్చిన, బిడ్డా," అని పిలుస్తాను. ఆమె తిరిగి చూసేదాకా మెట్టెక్కను.