ఆయన అడిగిన మన్నింపు

మా రొయ్యల చెరువు పక్కనే సాయిబుగారి వరిచేను ఉండేది. మాట్లాడేటప్పుడు కుడి అరచేయి గుండె మీద పెట్టుకోవడం ఆయన అలవాటు. మా ఉప్పునీరు దిగి ఆయన చేను చౌడుబారినప్పుడు కూడా ఆ చెయ్యి నావైపు వేలు చూపించలేదు.

మక్కాకు ఉమ్రా యాత్ర బయలుదేరేముందు, తెలిసినవాళ్లందరినీ మన్నింపు అడుగుతూ మా చెరువు గట్టుకూ వచ్చారు.

“నావల్ల ఎప్పుడైనా మీ మనసు నొచ్చుంటే మన్నించండి. ఇక్కడ మిమ్మల్ని అడక్కుండా అక్కడికెళ్లి దేవుణ్ణి ఏ మొహంతో అడుగుతానండి?”

అడగాల్సింది నేనని నాకు తెలుసు. రొయ్యలకు మేత చల్లుతూనే, “పర్లేదులెండి, మన్నించాను” అన్నాను.

“పెద్ద బరువు దించారండి” అని, చెయ్యి గుండె మీదే ఉంచుకుని వెళ్లిపోయారు.

తిరిగొచ్చాక, అక్కడి పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ల సీసా ముందు మా ఇంటికే తెచ్చారు. ఆరోజు కూడా మా ఉప్పునీరు ఆయన చేలోకి దిగుతూనే ఉంది.