పక్కింటి మామ, రక్తపింజరి

మైదుకూరులో మా పక్కింటి మామ చాలా మెత్తని మనిషి. ఇంట్లో కోడిని కోస్తుంటే చూడలేక వీధిలోకి వెళ్లిపోయేవాడు.

ఒక ఎండాకాలం ఉదయం మా పెరట్లో కట్టెల మోపు కింద రక్తపింజరి కనిపించింది. మామ పరుగున వచ్చి, కర్రతో దాని నడుము విరగ్గొట్టి, ఎండలో నాపరాయి బండ మీద పడేశాడు. అది చావక మెలికలు తిరుగుతోంది.

"సంపేదుంటే ఒక్క దెబ్బకు సంపప్పా, ఎందుకట్ల ఏడిపిస్తాండావు?" అంది మా అవ్వ.

"నా బిడ్డ ఇట్లాంటిదాని కాటుకే పొద్దున్నించి మాపటి దాకా అరిసి అరిసి సచ్చిందత్తా. ఇదీ అంతసేపు ఉండనీ."

ఆయన దాని పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం లేచి చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాగడానికనుకున్నాను. పాము తొందరగా చావకూడదని దాని మీద చల్లాడు.